ఓబులవ్వ కొంగున కట్టిన ఎండాకాలం

అనగనగా ఒక ఊళ్ళో, నల్లరేగడి నేల ఎండకి నెర్రెలిచ్చిన ఒక ఊళ్ళో, ఓబులవ్వ అని ఒక అవ్వ ఉండేది. ఊరి పేరు రేగడిపల్లె. కాళ్ళు ముడుచుకో తల్లీ, దుప్పటి కప్పుతాను. ఆఁ, ఓబులవ్వ. ఆవిడకి ఒక గేదె, ఒక మల్లెపాదు, ఒక కొడుకు. గేదె కుదురుగా ఉండేది, మల్లెపాదు కుదురుగా ఉండేది. కొడుకు మద్దిలేటి మాత్రం కాలికి బలపం కట్టుకుని తిరిగేవాడు. దానికి తోడు అతనికో వ్యాను కూడా ఉంది, ఇక చెప్పాలా!

ఎండాకాలం సెలవులు ఇచ్చారు. పెళ్ళై వేరే ఊరికి వెళ్ళిన ఓబులవ్వ కూతురి కూతురు సుంకి అవ్వ దగ్గరికి వచ్చింది. నీ అంతే ఉంటుంది. నీలాగే దానికీ ముందు పళ్ళు ఊడిపోయి కొత్తవి వస్తున్నాయి. పెరిగే పిల్ల కదా అని వాళ్ళమ్మ పావడా పొడుగ్గా కుట్టించి, అంచు దగ్గర మడిచి టక్కులు వేయించింది. పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక టక్కు విప్పుకోవచ్చు. ఈ టక్కుల సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఎవరు ఎక్కడికి వెళ్ళినా ఇంటికి తాళం వేసి అందరూ పోకూడదు, ఒకరు ఉండాలి. పాలు పిండాలి, దీపం పెట్టాలి, మేడ మీద వడియాలు కాకులెత్తుకుపోకుండా చూడాలి. మరి పాపం, ఆ ఉండిపోయినవాళ్ళకి ఏం మిగులుతుంది చెప్పు? అందుకని వెళ్ళేవాళ్ళు చిటికెడు అక్షింతలు వాళ్ళ కొంగున ముడివేసి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, చూసిందంతా చెప్పాలి. చెప్పడం అయ్యాక ముడి విప్పి, ఆ అక్షింతలు ఇద్దరి నెత్తినా వేస్తారు. చూసినవాళ్ళకి సగం పుణ్యం, విన్నవాళ్ళకి సగం పుణ్యం.

ఆ ముడికో తమాషా ఉంది. మనసులోంచి చెబితే అదే వదులయ్యేది. ఉత్త మాటలు చెబితే బిగుసుకునేది. ఇక గోళ్ళతో పీకినా, పళ్ళతో లాగినా రాదు.

ఓబులవ్వ ఎప్పుడూ ఉండిపోయే మనిషే. చిన్నప్పుడు చెల్లెళ్ళని ఎత్తుకుని ఉండిపోయింది. పెళ్ళయ్యాక అత్తగారికి మంచం దగ్గర తోడుండిపోయింది. ఆ తర్వాత గేదె కోసం ఉండిపోయింది. కానీ ఆవిడకి ఒక్క ఆశ ఉండేది. సముద్రం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని. బిందెడు నీళ్ళ కోసం పొద్దున్నే లేచే ఊళ్ళో పుట్టింది కదా, అన్ని నీళ్ళు ఒక్కచోట ఉంటాయంటే ఆవిడకి నమ్మకం కుదిరేది కాదు.

అప్పుడు మద్దిలేటి వ్యాను బయటికి తీశాడు. "పదండి పదండి, సముద్రానికి పోదాం!" అన్నాడు. సుంకితో పాటు వీధిలో పిల్లలందరూ ఎక్కేశారు. సుంకి పరిగెత్తుకొచ్చి అవ్వ కొంగున అక్షింతలు ముడివేసింది.

"అవ్వా, సముద్రం మొత్తం నీకు చెప్తా!" అంది.

"చెప్పాల, మరి. ఒక అల కూడా దాచిపెట్టకూడదు" అంది ఓబులవ్వ.

వాళ్ళు వెళ్ళారు, వచ్చారు. ఓబులవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని అరుగు మీద కాచుకుని ఉంది. సుంకి చెంబు మీంచి దూకి లోపలికి పోయింది. "నిద్రొస్తాంది అవ్వా, రేపు చెప్తా" అంది.

రేపు వచ్చింది. మద్దిలేటి మళ్ళీ "పదండి పదండి, గుహలు చూద్దాం!" అన్నాడు. సుంకి రెండో ముడి వేసింది, వెళ్ళింది, వచ్చింది. "ఆకలేస్తాంది అవ్వా, రేపు చెప్తా" అంది. ఆ తర్వాత "పదండి పదండి, కొండెక్కుదాం!" మూడో ముడి పడింది. వెళ్ళారు, వచ్చారు. "ఆడుకోను పోతాండా అవ్వా, రేపు చెప్తా."

ఓబులవ్వ చెంబులో నీళ్ళు మల్లెపాదుకి పోసింది. ఆవిడ నడుస్తుంటే కొంగున మూడు ముడులూ మోకాలికి తగులుతూ ఉండేవి.

చూస్తుండగానే ఎండాకాలం అయిపోవచ్చింది. తొలకరి పడగానే సుంకి వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోతాడు. ఒకరోజు పడమటి దిక్కున మబ్బు కనిపించింది. అప్పుడు సుంకికి గుర్తొచ్చింది. అయ్యో, అవ్వకి చెప్పనేలేదే!

పరిగెత్తుకొచ్చి అరుగు మీద కూర్చుంది. "అవ్వా, సముద్రం శానా పెద్దది. మన చెరువులాంటివి వెయ్యి పడతాయంట" అంది. అది వాళ్ళ మామ మద్దిలేటి అన్న మాట. ముడి బిగుసుకుంది.

అప్పుడు గుహ గురించి చెప్పింది. "లోపల శానా బాగుండె. నాకేం భయం కాలేదు!" అంది. అది గొప్ప కోసం చెప్పింది. రెండో ముడీ బిగుసుకుంది.

ఆ తర్వాత కొండ గురించి చెప్పింది. "కొండ మీద శానా బాగుండె. అంతా కనపడె. శానా అంటే శానా బాగుండె." మూడో ముడి గవ్వలా గట్టిపడిపోయింది.

ఓబులవ్వ ఆ ముడులని వేళ్ళతో తడిమింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పోనీలేమ్మా. నా చెవులు ముసలివైపోయినాయేమో, లోపలికి పోవడం లేదు" అంది. సుంకికి ఏడుపొచ్చింది. ఎండాకాలమంతా తిరిగింది, అవ్వకి ఇవ్వడానికి మాత్రం దాని దగ్గర ఏమీ లేదు.

"ఏడవకే. మీ నాయన వచ్చేలోపు పావడా అన్నా సరిచేస్తా, ఇటు రా. పొడుగైనావు, పావడా పొట్టిదైపాయె" అంది ఓబులవ్వ. పిల్లని ఎదురుగా నిలబెట్టి, కింద కూర్చుని, సూది మొనతో టక్కు కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది.

మడత విడగానే అందులోంచి జలజలా ఏదో రాలింది. ఇసుక! రేగడిపల్లెలో ఇసుక ఎక్కడిది? ఎన్నిసార్లు ఉతికినా ఆ మడతలో దాక్కుని సముద్రపు ఇసుక అవ్వ ఇంటిదాకా వచ్చింది.

సుంకి ఆ ఇసుక మీద కాలు పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడిపోయింది.

"అవ్వా" అంది మెల్లగా. "అల వచ్చేటప్పుడు కాదవ్వా, పోయేటప్పుడు. పోయేటప్పుడు నా కాళ్ళ కింద ఇసుకని లాక్కుని పోయింది. నేను నిలబడే ఉండా. నేల మాత్రం నా కింద నుంచి పోతా ఉంది. అంతపెద్ద నీళ్ళకి నా చిన్న కాళ్ళు ఎట్ల కనపడినాయో! నువ్వు కూడా రా అని నన్ను పిల్చినట్టుండె."

ఓబులవ్వ గబుక్కున అరుగు స్తంభం పట్టుకుంది. "ఆగవే, ఆగు! నా కాళ్ళ కింద జారుతాంది!" అంది. నిజం తల్లీ. కూర్చున్న మనిషి తూలింది. పెదవి మీద నాలుక ఆనిస్తే ఉప్పగా తగిలింది. అది కన్నీళ్ళ ఉప్పో, సముద్రపు ఉప్పో, ఆవిడకే తెలియలేదు. చూసుకుంటే మొదటి ముడి వదులై వేలాడుతోంది.

అప్పుడు సుంకికి నిజంగా చెప్పడం ఎలాగో తెలిసింది. "గుహలో లైటు ఆర్పినారు అవ్వా. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే చీకటి. అప్పుడు యాడనో ఒక నీళ్ళచుక్క పడింది. టప్. శానాసేపటికి ఇంకోటి. టప్. ఆ చుక్కలే రాయిని తొలిచి అంత గుహ చేసినాయంట. నాకు భయమైంది. ఎవరికీ చెప్పలేదు. నీ కొంగు ఉండింటే పట్టుకునేదాన్ని."

ఓబులవ్వ ఊపిరి బిగబట్టి వింది. చుక్క చుక్కే, కొండని తొలిచేసిందా! అలా ఆశ్చర్యపోతూ ఉండగానే రెండో ముడి ఊడిపోయింది. మూడోది కూడా విప్పాక కలిపి వేద్దామని, ఆ రెండు ముడుల అక్షింతలూ రొంటిన దోపుకుంది.

"ఇంక కొండ చెప్పు" అంది అవ్వ, చిన్నపిల్లలా.

సుంకి తల దించుకుంది. "కొండ నేను చూడలేదు అవ్వా. మామ భుజం మీద నిద్రపోయినా."

ఆ ముడి బిగుసుకోనూ లేదు, వదులు కానూ లేదు. నిజమైతే చెప్పింది గానీ, చెప్పడానికి అందులో ఏమీ లేదు కదా మరి.

అరుగు చివర మద్దిలేటి నిలబడి ఇదంతా విన్నాడు. "అమ్మా, నేనూ చూసింది లేదు. పార్కింగు యాడ దొరుకుతుందా, రేపు యాడికి పోదామా, ఇదే సరిపాయె నాకు" అన్నాడు. వ్యాను తాళం జేబులో వేసుకుని, ఇంటి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. "ఈసారి నేనుంటా. మీరిద్దరూ పొండి."

మర్నాడు పొద్దున్నే బయలుదేరారు. కొడుకు కండువాకి ఓబులవ్వ అక్షింతలు ముడివేయబోయింది. ఆవిడకి చేతకాలేదు! జీవితమంతా ముడి వేయించుకున్న మనిషే గానీ ఎప్పుడూ వేసి ఎరగదు. సుంకి నేర్పింది. తీరా బస్సు దగ్గరికి వెళ్ళి అవ్వ మూడుసార్లు వెనక్కి తిరిగింది. ఒకసారి బర్రె అంది, ఒకసారి మల్లెపాదు అంది, ఒకసారి పొయ్యి ఆర్పానా లేదా అంది. ఎర్రబస్సు కండక్టరు "అవ్వా, వస్తావా రావా?" అని కసిరితే అప్పుడెక్కింది.

కొండ పైకి చేరారు. మెట్టు మెట్టుకీ కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, చేరారనుకో. ఓబులవ్వ వెనక్కి తిరిగి చూసింది. చూసి, సుంకి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కింద నల్లనేల, ఎంత దూరం చూస్తే అంత దూరం. అందులో రేగడిపల్లె అరచేతిలో పట్టేటంత ఉంది. ఆవిడ పుట్టింది, పెళ్ళి చేసుకుంది, నీళ్ళు మోసింది, అంతా అందులోనే. పడమటి నుంచి వాన వస్తోంది. నిజంగా నడుచుకుంటూ వస్తోంది. ఒక చేను దాటి ఇంకో చేను, ఒక డొంక దాటి ఇంకో డొంక. అది నడిచిన చోటల్లా నేల ఇంకా నల్లబడుతోంది.

ఓబులవ్వ అరచెయ్యి చాపి ఊరిని అందులో పెట్టి చూసుకుంది. తర్వాత "ఇంత పెద్ద ఆకాశం కిందనా నేను ఇన్నాళ్ళూ ఉండేది?" అంది. "ఉండిపోయినా, ఉండిపోయినా అనుకుంటి గదనే. ఎంత గొప్పచోట ఉండిపోయినానో చూడు!"

వాన వాళ్ళ ఊరిని అందుకుంది. రేగడిపల్లె తెల్లటి తెరలోకి వెళ్ళిపోయింది. తడిసిన మట్టి వాసన కొండమీదికి వచ్చింది. అప్పుడు ఓబులవ్వ ఉలిక్కిపడి "అయ్యో, నా వడియాలు!" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మూడో ముడి ఎప్పుడు ఊడిందో ఎవరూ చూడలేదు. మూడు ముడుల అక్షింతలూ కలిపి సుంకి నెత్తిన ఇన్ని, తన నెత్తిన ఇన్ని వేసుకుంది ఓబులవ్వ.

సాయంత్రానికి ఇల్లు చేరారు. సుంకి వాళ్ళ నాన్న కూడా వచ్చి ఉన్నాడు. మద్దిలేటి చెంబుతో నీళ్ళు పట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. ఒళ్ళంతా తడి, ఒంటినిండా వడియాల పిండి. "ఇంట్లో ఉండడం ఇంత పనా అమ్మా!" అన్నాడు. తర్వాత ఆశగా "ఎట్లుంది కొండ?" అన్నాడు.

ఓబులవ్వ నోరు తెరిచింది. "బాగుండె" అంది.

కండువా ముడి చటుక్కున బిగుసుకుంది!

సుంకి నవ్వు ఆపుకోలేకపోయింది. ఓబులవ్వా నవ్వింది. నవ్వి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "రాండ్రా, అందరూ కూర్చోండి. వాన నడిచేది చూసినారా మీరెప్పుడన్నా?" అని మొదలుపెట్టింది. ముడి వదులయ్యేసరికి వాన వెలిసింది, అయినా ఎవరూ లేవలేదు.

అదీ కథ. నిద్రపోయావా? లేదు కదూ. అయితే నా కొంగు ఇలా పట్టుకో. ఈ ముడి నువ్వు కొండలు చూడ్డానికి రైలెక్కే ముందు నీ చేత నేను వేయించిందే. ఆట అనుకున్నావు. పొద్దున నువ్వు దిగగానే "ఎలా ఉందే?" అని అడిగితే, ఏమన్నావు? "బాగుంది అమ్మమ్మా" అని ఫోనులో ఫొటోలు చూపించావు. అప్పట్నుంచీ ఎంత బిగుసుకుందో చూడు. నీతో రాలేకపోయిన నా మోకాళ్ళ మీదొట్టు, ఇవాళంతా నేను దీన్ని తడుముకుంటూనే ఉన్నాను.

ఏమిటీ? మబ్బు నీ ఎదురుగా వచ్చిందా? నోరు తెరిస్తే లోపలికి వెళ్ళిందా? చల్లగానా? ఏదీ, మళ్ళీ చెప్పు, మెల్లగా చెప్పు... అమ్మో, నా గొంతు కూడా చల్లబడిందే! చూడు చూడు, ముడి కదులుతోంది. తల ఇలా పెట్టు తల్లీ.

కథ పోయె కంచికి, కబురొచ్చె ఇంటికి,
ఇసుక పోయె కడలికి, చినుకొచ్చె రేగడికి,
ముడి వీడె కొంగుకి, అక్షింత నీ నెత్తికి,
మబ్బొచ్చె మంచానికి, మనమింక నిద్దరకి.