బూడిదతో గీసిన చర్చి

వ్రతం పట్టే రోజుకి ఇంకా మూడు రోజులుందనగా, రైనర్ మూట కట్టుకుని మఠాధిపతి గదికి వచ్చాడు.

"వెళ్లిపోతాను తండ్రీ. కింద ఉప్పుబండి ఆగి ఉంది. మధ్యాహ్న ప్రార్థన అవగానే లోయలోకి దిగుతుందట. దాంట్లో పోతాను."

మఠాధిపతి లాంబర్ట్‌కి డెబ్బై దాటాయి. అందులో యాభై ఏళ్లు ఆ కొండమీదే గడిచాయి. "కూర్చో నాయనా" అన్నాడు. రైనర్ కూర్చోలేదు.

అది పునీత బెనెడిక్ట్ నియమాలు పాటించే సన్యాసుల మఠం. పేరు వాల్‌బ్రూన్. ఆ సన్యాసులు పట్టే వ్రతాల్లో ఒకటి మరీ గట్టిది. బతికినన్నాళ్లూ ఈ చోటు విడిచిపోనని దేవుడి ముందు మాట ఇవ్వాలి. రైనర్ గొంతుకు అడ్డం పడింది ఆ మాటే.

నిజానికి తప్పు కొంత మఠాధిపతిది కూడా. రైనర్ రాతిమేస్త్రి కొడుకు. రాయిమీద ఉలి గీతలు చూసి అది ఏ కాలంలో చెక్కిందో చెప్పేస్తాడు. చదువూ ఉంది. ఇలాంటివాడు మళ్లీ దొరకడని, చేరిన నెలకే మఠం చరిత్ర రాసే పని అప్పగించాడు పెద్దాయన. ఏడాదిపాటు రైనర్ పాత తోలు పత్రాలన్నీ చదివాడు. తాడు పట్టుకుని గోడ గోడా కొలిచాడు. ఎగిరి గంతేస్తూ మొదలుపెట్టాడు గానీ, రాసేకొద్దీ అతని ముఖం చిన్నబోతూ వచ్చింది.

మొదట వచ్చిన ఏడుగురు సన్యాసులు కట్టుకున్నది చెక్క చర్చి. దానిమీద పిడుగు పడింది. రెండోది రాతిది. దాన్ని దోపిడీ దండు ఒకటి నేలమట్టం చేసి పోయింది. మూడోది గుండ్రటి కమానులది, గోడలు బారెడు మందం. ఇక దీనికి ఢోకా లేదని ఆనాటి సన్యాసి ఒకాయన పత్రంలో రాసుకున్నాడు కూడా. ఆయన సిరా ఆరిందో లేదో, భూకంపం వచ్చింది. ఇప్పుడున్నది నాలుగోది. మొనదేలిన కమానులతో, పొడుగాటి కిటికీలతో, మెడ నొప్పెట్టేంత ఎత్తుగా ఉంటుంది.

పోనీ ఒక్క స్తంభమైనా మిగిలింది కదా అనుకున్నాడు రైనర్. ద్వారం దాటి లోపలికి వెళ్లగానే దారికి అడ్డంగా ఉంటుంది అది. మఠం స్థాపించిన పునీతుడు తన చేతులతో నిలబెట్టాడని చెబుతారు. యాత్రికులు దాన్ని ముద్దుపెట్టుకుంటారు. ఒకరోజు రైనర్ దానిమీద వేళ్లు పెట్టి తడిమి చూశాడు. పళ్లున్న ఉలి గీతలు తగిలాయి. పునీతుడి కాలంలో ఆ చుట్టుపక్కల అలాంటి ఉలి లేదు. ఆ స్తంభానికి రెండు వందల ఏళ్లు కూడా ఉండవు. మేస్త్రి కడుపున పుట్టినందుకు ఆ రోజు తన్ను తాను తిట్టుకున్నాడు.

ఇది చాలదన్నట్టు, ఆ ఉదయమే మంచు బరువుకి చర్చి పైకప్పు దూలం విరిగింది. కింద రాతి కమాను నిలువునా చీలింది. నిచ్చెనెక్కి చూసి వచ్చినవాడు రైనరే. ఊతాలు పెట్టేదాకా లోపల ఎవరూ అడుగుపెట్టకూడదని చెప్పినవాడూ అతనే.

"ఈ చోటు విడవనని మాట ఇమ్మంటున్నారు" అన్నాడు రైనర్. "ఏ చోటు తండ్రీ? మొదటి రాళ్లలో ఒక్కటి కూడా లేదు. స్తంభం కూడా అబద్ధమే. ఇప్పుడు కప్పు కూడా పోతోంది. లేనిదాన్ని విడవనని ఏ నోటితో చెప్పను?"

మఠాధిపతి అంతా విన్నాడు. "స్తంభం సంగతి రాశావా?"

"రాశాను."

"మంచిపని చేశావు." గంట మోగింది. ఆయన లేచాడు. "కీర్తన ఎత్తే వంతు ఈ వారం నీదే కదూ?"

"అవును తండ్రీ."

ఆ మఠంలో వారానికొకరు కీర్తన ఎత్తుకుంటారు. వంతు ఉన్నవాడు మొదటి చరణం ఎత్తేదాకా తక్కినవాళ్లు నోరు విప్పరు.

మఠాధిపతి తిన్నగా వంటింట్లోకి వెళ్లి, అంగీ ఒడి పట్టి పొయ్యిలోని బూడిద పోయమన్నాడు. వంటాయన నోరు వెళ్లబెట్టి పోశాడు. పెద్దాయన ఆ బూడిదతో మఠం వెనక మైదానంలోకి నడిచాడు. అక్కడ మంచు మోకాళ్ల కిందిదాకా పడి ఉంది. తాడు లేదు, కొలత లేదు. బూడిద గుప్పెడు గుప్పెడు చల్లుకుంటూ తిన్నగా పోయాడు, మలుపు తిరిగాడు, బలిపీఠం వెనక గోడ వంపు తిరిగినట్టే తానూ వంపు తిరిగాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. పడమటి వైపు ద్వారమంత జాగా వదిలేశాడు.

వెనకే వచ్చిన రైనర్ ఉండబట్టలేకపోయాడు. "తండ్రీ, పొడవు తొమ్మిదడుగులు తగ్గింది."

"అదీ రాసుకో" అన్నాడు మఠాధిపతి, చేతులు దులుపుకుంటూ. "ఇది ఐదోది."

సన్యాసులు వరసగా వచ్చారు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు. ద్వారం దగ్గర ఒక్కొక్కరే ఆగి, అక్కడ లేని తీర్థపు తొట్టిలో వేళ్లు ముంచి, సిలువ గుర్తు వేసుకుని లోపలికి నడిచారు. వాళ్లలో పెద్దవాడు బ్రదర్ ఉల్రిక్, కుంటికాలు. ఆయన లోపలికి రెండడుగులు వేసి, పక్కకి తిరిగి, స్తంభం ఉండవలసిన జాగాని చుట్టి, మళ్లీ తిన్నగా పోయాడు. నలభై ఏళ్లుగా ఆ స్తంభాన్ని చుట్టిన కాళ్లు అవి.

రెండు వరసలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మఠాధిపతి తన చోటికి పోయి నిలబడ్డాడు. ఎవరూ నోరు తెరవలేదు. మళ్లీ మంచు మొదలైంది, బోడి తలలమీద పడుతోంది.

అప్పుడు చూశాడు రైనర్. అక్కడ ఎవరు ముందు చేరితే వాళ్లు వరసలో పైన నిలబడతారు, వయసుతో పని లేదు. గొర్రెలు కాసి కాసి నలభై ఐదేళ్లకి మఠంలో చేరిన సైమన్, రైనర్ కంటే ఆరు వారాలు వెనక వచ్చాడు. అందుకే వరసలో చివరన ఉన్నాడు. తనకి పైన ఒక మనిషి పట్టే జాగా వదిలి నిలబడ్డాడు. చలికి పళ్లు టకటకలాడుతున్నా పక్కవాడి దగ్గరికి జరగలేదు.

గేటు దగ్గర బండివాడు కేకేశాడు. "వస్తున్నావా అయ్యా? దారి మూసుకుపోయేలా ఉంది!"

రైనర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. తన కోసం ఆగొద్దని, కీర్తన ఇంకెవరినైనా ఎత్తుకోమనండని చెప్పేద్దామని మఠాధిపతి వైపు గబగబా నడిచాడు. ఒక కాలు బూడిద గీతమీద పడింది.

"అది గోడ, బ్రదర్" అన్నాడు ఉల్రిక్ మెల్లగా. "ద్వారం అటుంది."

ఎవరూ నవ్వలేదు. రైనర్ తన కాలు వైపు చూసుకున్నాడు. అడ్డం ఉన్నది గుప్పెడు బూడిద. దాన్ని దాటడం అతని వల్ల కాలేదు.

కాలు వెనక్కి తీసుకున్నాడు. గోడ పొడవునా నడిచి, ద్వారం దగ్గరికి వచ్చి, ఉత్త గాలిలో వేళ్లు ముంచి సిలువ గుర్తు వేసుకున్నాడు. లోపలికి పోయి సైమన్ పక్కన, తన కోసం వదిలిన జాగాలో నిలబడ్డాడు. సైమన్ భుజం తగిలింది, గడగడ వణుకుతోంది. రైనర్ కీర్తన ఎత్తుకున్నాడు. మొదటి చరణం మధ్యలోనే ఆగిపోయాడు. తక్కినవాళ్లు అందుకున్నారు. అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ప్రార్థన అయ్యాక అందరూ ద్వారంలోంచే బయటికి వెళ్లారు. మైదానంలో గురుశిష్యులిద్దరే మిగిలారు. కొత్త మంచు కింద బూడిద గీతలు సగం మాసిపోయాయి.

"తండ్రీ, మూడింటి ప్రార్థన దాకా ఇవి ఉండవు."

"ఉండవు" అన్నాడు మఠాధిపతి.

గేటు దగ్గర బండివాడు మళ్లీ పిలిచాడు. రైనర్ అటు తిరిగి, వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు.

"ఈసారి బూడిద నేను తెస్తాను" అన్నాడు.