ఏడు ముద్రల తాటాకు

కొత్త వంతెన కూలి ముగ్గురు కూలీలు చచ్చిపోయారు. దాన్ని కట్టించింది రాజధానిలోని వాస్తు కొలువు. రెండు వందల మంది పండితులున్న ఆ కొలువులో కాలికి బురద అంటేది ఒక్కడికే, నేల కొలిచే పైడయ్యకి. "కింద ఊబి ఉంది, పునాది నిలవదు" అని అతను ముందే తాటాకు రాసి పంపాడు. ఏడుగురు పెద్దలు దాని మీద ముద్రలు కొట్టి అటకమీద పడేశారు. ఇప్పుడా తాటాకు మాయమైంది, నేరం పైడయ్య నెత్తిన పడింది. అతని కుడిచెయ్యి నరికించమని ఆ ఏడుగురిలో పెద్ద, మహాస్థపతి చండేశ్వరుడు రాజును కోరాడు.

విచారణకు రెండు రోజుల ముందు, పైడయ్య ఎప్పటిలాగే ఇంకో తాటాకు రాసి కొలువుకు పంపాడు. సాయంత్రానికి అది ఏడు ముద్రలతో తిరిగొచ్చింది.

సభలో చండేశ్వరుడు మీసం దువ్వాడు. "ఊబి మాట వీడు చెప్పనేలేదు ప్రభూ. అక్షరం అక్షరం చదవందే మా ముద్ర పడదు."

"నా బోటివాడి రాతైనా చదువుతారా దొరా?"

"రెండుసార్లు చదువుతాంరా!"

పైడయ్య ఏడు ముద్రలున్న ఆ కొత్త తాటాకు అందించాడు. రాజు పైకి చదివాడు. "పైడయ్య ముందే చెప్పాడు. వినకుండా ముగ్గురిని చంపింది మేమే."

చండేశ్వరుడి మొహం పాలిపోయింది. "రోజుకు నూరు వస్తాయి ప్రభూ, ఎవరు చదువుతారు?"

"చదివి ముద్ర వేస్తే నేరం ఒప్పుకున్నట్టే దొరా. చదవకుండా వేస్తే, ఆ ముగ్గురినీ ఇలాగే చంపినట్టు. ఏదో ఒకటి మీరే చెప్పండి."

రాజు ఏడుగురి ముద్రలూ లాక్కుని, కొత్త పునాది తవ్వమని చేతికి పారలిచ్చాడు. చండేశ్వరుడు మోకాలి లోతు బురదలో ఆగాడు.

"ఇంకా లోపలికి దొరా," అన్నాడు పైడయ్య ఒడ్డునుంచి. "మావాళ్లు పోయింది అక్కడ."