పిల్లి మింగిన పూలదారం

పైడమ్మ పెరట్లో అందరికీ నోళ్లున్నాయి, నిలకడే లేదు. ఉన్నది ఒక్క ముసలి ఎద్దుకే. దాని మాట ఎవరూ వినరు, అది వేరే సంగతి.

పైడమ్మ పూలమాలలు కట్టి బతుకుతుంది. దారం తడిపి, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని కనకాంబరాలు ముడివేస్తుంది. ఆ రోజు పెళ్లివారి బేరం వచ్చిందన్న హడావుడిలో, నెత్తళ్లు కడిగిన గిన్నెలోనే దారం నానేసింది. దారానికి చేప వాసన పట్టింది. ఇంట్లో ఉన్న చారలపిల్లి కక్కుర్తి గురించి చెప్పేదేముంది, మూరలకు మూరలు మింగేసింది. కొస మాత్రం నోటి పక్కన వేలాడుతోంది.

ఇక దానికి కాలు నిలవలేదు. గోడెక్కుతుంది, దిగుతుంది. ఓకరిస్తుంది, ఏమీ రాదు.

"ఏమైందే?" అంది కట్టుకొయ్య దగ్గరున్న ఎద్దు.

"దారం మింగాను తాతా. కడుపులో మెలిపెడుతోంది."

"పోయి అమ్మకి కనబడు."

"తిడుతుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు కదా."

"అది తగాదాలకి చెప్పిన మాట, పేగులకి కాదు."

పిల్లి వినలేదు. పోయి కుడితితొట్టి వెనక నక్కింది. అక్కడే పందికొక్కు కన్నం.

"అయ్యో పిల్లక్కా, ఇంతదానికి బెంగా? కొస బయటే ఉందిగా. నోరు తెరు, పళ్లతో పట్టి ఒక్క గుంజు గుంజుతా. ఆలస్యం అమృతం విషం" అంది పందికొక్కు.

పిల్లి పోతే పక్క వసారాలోని వడ్ల బస్తాలన్నీ తనవేనని దాని లెక్క. పందికొక్కుకి పిల్లి మీద ప్రేమ ఎప్పుడు పుట్టిందని అడగాలా వద్దా? అడగలేదు. నొప్పితో ఉన్నవాళ్లకి పలకరించినవాడల్లా వైద్యుడే. పిల్లి నోరు తెరిచింది.

"మూయవే నోరు" అని గద్దించింది ఎద్దు. "మా చెల్లెలు గోనెపురి మింగితే ఇలాగే లాగారు. పురి వచ్చింది, చెల్లెలు దక్కలేదు. లోపల పేగుకి చుట్టుకున్న దారాన్ని లాగితే పేగునే కోస్తుంది."

పిల్లి టక్కున నోరు మూసేసింది. అప్పుడు చూసింది, పందికొక్కు కళ్లు తన మీద లేవు, వడ్ల బస్తాల మీదున్నాయి.

"కొస నీకు అందట్లేదు తమ్ముడూ, ఇంకాస్త దగ్గరికి రా" అంది పిల్లి మెల్లిగా.

పందికొక్కు వచ్చింది. పిల్లి పంజా దాని తోక మీద పడింది. అది పెట్టిన కీచుకేకకి పైడమ్మ చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పందికొక్కు తోక గుంజుకుని కన్నంలో దూరింది. పైడమ్మకి కన్నమూ కనబడింది, పిల్లి నోటి దగ్గర దారమూ కనబడింది.

"ఓసి నీ కక్కుర్తి పాడుగాను" అంటూ ఆవిడా దారం లాగబోయింది. పిల్లి పళ్లు బిగించి మొహం తిప్పేసుకుంది, ఎద్దు రంకె వేసింది. పైడమ్మ చెయ్యి ఆగింది. పెళ్లి మాలలు అక్కడే వదిలేసి, పిల్లిని పూలబుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగుతీసింది.

"లాగకుండా తెచ్చావు కాబట్టి బతుకుతుంది" అన్నాడు డాక్టరు. కడుపు కోసి దారం తీశాడు.

పిల్లి కుట్లతో ఇంటికొచ్చింది. లోపలి దారం పోయి పైన దారం వచ్చిందని కోళ్లు ఒకటే నవ్వు. పైడమ్మ మాత్రం వస్తూనే ఆ కన్నంలో గాజుపెంకులు కూరి మట్టి మెత్తింది. వెనక దారిన బయటపడ్డ పందికొక్కు కంచె కింద కూర్చుని తోక నాక్కుంటూ, "దానికి వైద్యం తెచ్చిపెట్టింది నా కేకేనా" అని ఏడ్చింది.

తప్పు చేసినా అయినవాళ్లకి చెప్పుకో, తొందరపెట్టే పగవాడి నోటికి మాత్రం కొస అందించకు.