బావిలోకి దిగిన రింగుల జుట్టు

ఎప్పటి మాటో చెప్పలేను గానీ, సముద్రం ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు పేరు జయధీరుడు. రాజన్నాక కోటా, ఏనుగులూ, సింహాసనం అన్నీ ఉంటాయి కదా, ఆయనకీ ఉన్నాయి. ముగ్గురు కూతుళ్లు కూడా ఉన్నారు. పెద్దమ్మాయి జుట్టు నున్నగా మోకాళ్ల దాకా ఉండేది. రెండో అమ్మాయి జుట్టూ నున్నగా మోకాళ్ల దాకా ఉండేది. మూడో అమ్మాయి మణిమంజరి జుట్టు మాత్రం చిన్నచిన్న రింగులు తిరిగి, ఒత్తుగా, ఎగిరెగిరి పడుతూ భుజాల దగ్గరే ఆగిపోయేది.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. ప్రతి పుట్టినరోజుకీ ఆడపిల్లని స్తంభానికి ఆనించి నిలబెట్టి, జుట్టు ఎక్కడిదాకా వచ్చిందో గంధంతో గీత గీస్తారు. అక్కల గీతలు ఏటికేడాది కిందికి దిగాయి. మంజరి గీత మాత్రం అక్కడే ఉంది. "ఈ పిల్లకి జుట్టు పెరగదు" అని రాణిగారు తేల్చేశారు. తేల్చేసి ఊరుకున్నారా? రోజూ కుంకుడు రసంతో తలంటించేవారు. ఎండలో కూర్చోబెట్టి ఆరబెట్టించేవారు. ఎండుగడ్డిలా గరగరలాడే ఆ జుట్టుని సన్నపళ్ల దువ్వెన పెట్టి మాడు మీంచి కిందికి బరబరా లాగించేవారు. మంజరికి కళ్లనీళ్లు తిరిగేవి. పాపం, రాణిగారికి మాత్రం కూతురి మీద ప్రేమ లేదా ఏంటి? ఉంది. నున్నటి జుట్టుకి ఏం చేస్తారో దీనికీ అదే చేశారు, అంతే.

మంజరికి ఒక బావ ఉన్నాడు. మేనత్త కొడుకు, పేరు ఉదయసేనుడు. చిన్నప్పట్నుంచీ ఇద్దరూ కలిసి ఆడుకున్నవాళ్లే.

"మరదలా, నీ తల చూస్తే గొర్రెపిల్లని చూసినట్టే ఉంటుంది" అనేవాడు బావ.

"నీ తల చూస్తే బోర్లించిన కుండని చూసినట్టుంటుంది పో!" అనేది మంజరి.

వీళ్లిద్దరికీ పెళ్లి చేయాలని పెద్దవాళ్లు అనుకున్నారు. వీళ్లు అంతకు ముందే అనుకున్నారు.

ఇంకేం, ముహూర్తం పెట్టడమే తరువాయి. అప్పుడొచ్చి పడ్డాడు కరాళుడు. వాడు ఏడు సముద్రాల అవతల దీవిలో ఉండే మాంత్రికుడు. వాడు ఊదితే వడగాలి. దేనిమీద ఊదితే అది ఎండి పొడైపోతుంది. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందని లోకమంతటికీ తెలుసు. ఆ చిలక గొంతులో ఒక్క నీటిచుక్క పడిందా, కరాళుడు లేడు. అందుకని దాన్ని ఒక ఎండిపోయిన బావి అడుగున పెట్టాడు. దానికి ఎండుజొన్నలు తినిపించడానికి ఒక మనిషి కావాలి కదా, రాజకుమారుడైతే దర్జాగా ఉంటుందని ఉదయసేనుణ్ణి ఎత్తుకుపోయాడు.

పోతూ పోతూ కొలువులో అందరిముందూ నవ్వాడు. "కావాలంటే వచ్చి తీసుకోండి. తాడు దించితే పొడైపోతుంది. గొలుసు దించితే పొడైపోతుంది. నీళ్లు పోస్తే సగంలోనే ఆవిరైపోతాయి. ప్రాణమున్న మనిషి తలమీది వెంట్రుకలు మాత్రమే నా బావిలోకి దిగుతాయి. తొందరేం లేదు, ఆ బావిలో ఉన్నవాడికి వయసు పెరగదు!"

అక్కలిద్దరూ మంచివాళ్లు. ముందు పెద్దక్క వెళ్లింది. జుట్టు బావిలోకి వదిలింది. కరాళుడు ఊదాడు, పుటుక్కున తెగింది. తర్వాత రెండో అక్క వెళ్లింది. జుట్టు వదిలింది. వాడు ఊదాడు, పుటుక్కున తెగింది. ఇద్దరూ బోడితలలతో ఏడుస్తూ ఇంటికొచ్చారు.

"నేను వెళ్తాను నాన్నగారూ" అంది మంజరి.

"అక్కల జుట్టే నిలవలేదు. నీ భుజాల మీది జుట్టు ఏ మూలకమ్మా?"

"సరిపడేదాకా పెంచుకుంటాను."

"నీది పెరగదు తల్లీ."

"బావ అక్కడున్నాడు నాన్నగారూ. పెరగకపోతే ఎలా?"

రాజు పడవ ఇచ్చి పంపించాడు.

మొదటి సముద్రం దాటేసరికే ఉప్పుగాలికి మంజరి జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. ఒడ్డున ఒక కుంటలో గేదె పడుకుని ఉంది. మంజరి దాని పక్కన కూలబడి దువ్వెన తీసింది. ఒక్క లాగు లాగింది, చిన్నచిన్న తునకలు ఒళ్లో రాలాయి.

"అమ్మాయ్, ఏం చేస్తున్నావు?" అంది గేదె.

"నా జుట్టు పెరగదు. రోజూ నూనె రాసి, కుంకుళ్లతో తలంటుకున్నా పెరగదు."

"పెరగకపోతే ఒళ్లో ఆ తునకలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? పెరిగినదాన్ని పెరిగినట్టు తెంపుతున్నావు. ముందు నా చెవి వెనకాల గోకు, చెబుతాను."

మంజరి గోకింది. గేదె హాయిగా కళ్లు మూసుకుంది. "నన్ను చూడు. ముందు నీళ్లలో బాగా నానతాను. ఒళ్లు తడిగా ఉండగానే బురద పూసుకుంటాను. ఇంక మధ్యాహ్నం ఎండ ఏం చేస్తుంది? నువ్వు పొడితల మీద నూనె రాస్తావు, లోపల తడే లేకపోతే నూనె దేన్ని కాస్తుంది? ముందు నీళ్లు. తర్వాత మందారాకు నూరిన జిగురు. ఆ పైన ఆముదం. ఈ వరస తప్పకు. ఆ కుంకుళ్లు రోజూ వద్దు, ఎప్పుడో ఓసారి చాలు."

రెండో సముద్రం దాటాక ఈతచెట్టుకి గిజిగాడు గూడు అల్లుకుంటోంది. మంజరి చిక్కు తీసుకోబోతే కిచకిచమని అరిచింది. "ఆగాగు! పొడిగా ఉండగా లాగుతావేంటి? నేను పచ్చిగడ్డితోనే అల్లుతాను, ఎండుగడ్డి వంగదు, విరుగుతుంది. తడిపి, జిగురు పట్టించి, వేళ్లతో విడదియ్యి. అదీ మాడు దగ్గర మొదలుపెట్టకు. చివర్న మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పైకి రా." మంజరి అలాగే చేసింది. చిక్కు వచ్చేసింది. తల దువ్వుకుంటూ ఏడవకపోవడం ఆ పిల్లకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

మూడో సముద్రం దాటాక మల్బరీ తోట వచ్చింది. అక్కడొక పట్టుపురుగు ఆకు కొరుకుతూ అడిగింది, "దేనిమీద పడుకుంటున్నావు?"

"నూలు దుప్పటి మీద."

"నూలు తడిని తాగేస్తుంది. రాత్రంతా రాపిడికి కొసలు తెగిపోతాయి. పట్టుగుడ్డ చుట్టుకుని పడుకో. మమ్మల్ని ఉడకబెట్టి తీసిన పట్టు వద్దు, పాపం తగులుతుంది. మావాళ్లు ఎగిరిపోయాక మిగిలిన గూళ్లు ఏరుకుని నేసుకో."

మంజరి ఆ తోటలోనే గుడిసె వేసుకుంది. తడపడం, జిగురు పట్టించడం, ఆముదం రాయడం, వేళ్లతో చిక్కు తీయడం, వదులుగా జడలల్లడం, పట్టుగుడ్డ చుట్టుకోవడం. ఇదే పని. వానలొచ్చాయి, పోయాయి. మళ్లీ వచ్చాయి, పోయాయి. ఒకరోజు నీళ్లలో నీడ చూసుకుంటే ఏముంది? రింగులు నిగనిగలాడుతున్నాయి గానీ, భుజాల మీదే ఉన్నాయి!

మంజరికి ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. "ఛీ, ఇంత చేసినా ఇంతేనా?" అని ఒక తడిపాయని పట్టుకుని కిందికి లాగింది. పాయ సాగింది. నడుము దాటింది. మోకాళ్లు దాటింది. పాదాల దాకా వచ్చింది! వదిలితే చుట్టుకుంటూ చుట్టుకుంటూ మళ్లీ భుజం మీదికెళ్లి కూర్చుంది. మంజరి మళ్లీ లాగింది. మళ్లీ పాదాల దాకా వచ్చింది. స్తంభం దగ్గర ఎవ్వరూ ఒక్కసారి కూడా సాగదీసి చూడలేదే అనుకుంది. నవ్వుతూ ఏడుస్తూ ఆ పూటే పడవెక్కింది.

మిగతా నాలుగు సముద్రాల్లో ఉప్పునీళ్లు తప్ప ఏమీ లేవు, కాబట్టి వాటి గురించి చెప్పను.

దీవి మీద ఒక్క గడ్డిపరక కూడా లేదు. బావి దగ్గర కరాళుడు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మంజరి తలకి చుట్టిన పట్టుగుడ్డ విప్పగానే పకపకా నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! మోకాళ్ల జుట్టు ఉన్నవాళ్లే ఏడ్చుకుంటూ పోయారు. భుజాల జుట్టు వేసుకుని వచ్చావా? కానీ, కానీ, దించు!"

మంజరి పడవలోంచి తెచ్చుకున్న కుండలో మిగిలిన నీళ్లు తలంతా పోసుకుంది. జిగురు పట్టించింది. ఆముదం రాసింది. బావి గట్టు మీద బోర్లా పడుకుని, పాదాలు రాళ్ల సందులో బిగించి, జుట్టు వదిలింది. తడి బరువుకి రింగులన్నీ సాగిపోయి జుట్టు కిందికి, ఇంకా కిందికి దిగింది.

"మరదలా! నువ్వేనా?" అని బావ గొంతు వినిపించింది.

"నేనే బావా, గొర్రెపిల్లని! చిలకని భుజాన పెట్టుకుని, ఎగిరి పట్టుకో!"

బావ ఎగిరాడు. అందుకున్నాడు. మంజరి కుదుళ్ల దగ్గర జుట్టుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది, బరువు మాడు మీద కాకుండా చేతుల మీద పడేలా. అయినా నొప్పి లేదంటే అబద్ధమే.

కరాళుడి నవ్వు ఆగిపోయింది. లేచి బుగ్గలు పూరించి ఊదాడు. వడగాలి బుసకొట్టింది. జుట్టు మీది తడి ఆరిపోయింది. ఆరితే రింగుల జుట్టు ఏం చేస్తుంది? చుట్టుకుంటుంది కదా! ప్రతి వెంట్రుకా సర్రున ముడుచుకుంటూ, బావని పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టింది. వాడు ఇంకా గట్టిగా ఊదాడు. అది ఇంకా గట్టిగా చుట్టుకుంది. లోపలి తడిని ఆముదం కాపాడింది కాబట్టి తెగలేదు. ఊది ఊది వాడే ఉదయసేనుణ్ణి గట్టు మీదికి ఎక్కించాడు.

"ఇదేం జుట్టే నీది!" అని అరిచాడు కరాళుడు.

బావ భుజం మీది చిలక మంజరి తల వైపు వంగింది. అది జన్మలో నీళ్లెరగదు. మంజరి చెవి వెనక ఒక రింగు లోపల, అంత వడగాలికీ ఆరకుండా, ఒక్క చుక్క మిగిలి ఉంది. చిలక ముక్కుతో ఆ చుక్కని అందుకుని గుటక వేసింది. కరాళుడు నీళ్లలో వేసిన ఉప్పుగల్లులా కరిగి నేలలో ఇంకిపోయాడు. చిలకకి ఏమీ కాలేదు. దానికి దాహం తీరింది, ఎగిరిపోయింది.

ఇద్దరూ ఇంటికొచ్చారు. కోట వాకిట్లో మంజరి జుట్టు సాగదీసి చూపిస్తే రాణిగారు నోరు వెళ్లబెట్టారు. "ఇంత జుట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

"ఎక్కణ్ణుంచీ రాలేదమ్మా. మొదట్నుంచీ పెరుగుతూనే ఉంది. మనమే తెంపుకున్నాం."

రాణిగారు కూతుర్ని పట్టుకుని భోరుమన్నారు. "తెలీక చేశానే తల్లీ" అన్నారు. మంజరికి తల్లి మీద కోపం ఏనాడూ లేదు, ఇప్పుడూ లేదు.

మంచి ముహూర్తం చూసి పెళ్లి చేశారు. ఊరూరా పందిళ్లు, ఇంటింటా బూరెలు. పీటల మీద కూర్చున్నప్పుడు ఉదయసేనుడు గుప్పిట తెరిచి రహస్యంగా చూపించాడు. అందులో రెండు వెంట్రుకలు ఉన్నాయి.

"నన్ను పైకి లాగేటప్పుడు ఇవి తెగాయి మరదలా. తప్పంతా నాదే" అన్నాడు దిగులుగా.

మంజరి చూసి నవ్వేసింది. "పోనీలే బావా. మళ్లీ పెరుగుతాయి."

తర్వాత జయధీరుడు పెద్దవాడయ్యాడు, వీళ్లకి పట్టం కట్టాడు. మనవలూ మునిమనవలూ పుట్టేదాకా ఇద్దరూ ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు.