తెరిచి చూపిన ఫోన్

మంగళగిరిలో పానకాలరావు అనే ఎలక్ట్రికల్ సామాన్ల వ్యాపారి ఉండేవాడు; మనిషి మంచివాడే గాని, ఎవరితో వాదం వచ్చినా చివరి మాట తనదే కావాలనేవాడు.

ఒకప్పుడు ఈ పట్టుదల దుకాణం ముందు బెంచీ మీద కూర్చునే నలుగురి మధ్యే ఉండేది. మాటా మాటా పెరిగినా టీ వచ్చేసరికి చల్లారిపోయేది. స్మార్ట్‌ఫోన్ కొన్నాక అతనికి వాదించడానికి ఊరంతా దొరికింది. ఊరివాళ్లంతా కబుర్లు చెప్పుకునే ఒక ఇంటర్నెట్ గ్రూపులో చేరాడు. అందులో వేలమంది ఉండేవారు. కరెంటు చార్జీలు, సినిమాలు, రాజకీయాలు, ఏ చర్చ వచ్చినా పానకాలరావు అందులో ఉండేవాడు. బల్బు కోసం వచ్చినవాడు కౌంటరు ముందు నిలబడి పిలిచి పిలిచి అలసిపోయేవాడు. "ఉండవయ్యా, వీడికి జవాబు రాసి ఇస్తా" అనేవాడు పానకాలరావు. తన రాతను ఎవరైనా మెచ్చుకుంటే భార్య కోటేశ్వరమ్మను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించేవాడు.

అతనికి దైవసహాయం అనే ప్రాణస్నేహితుడు ఉండేవాడు. ఆర్టీసీలో కండక్టరు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో, ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. దైవసహాయానికి ఒక్కతే కూతురు, సలోమి. ఆ పిల్ల డిగ్రీ చదువుతుండగా తల్లి చనిపోయింది. ఆ దిగులుతో సలోమి మంచం పట్టింది. తిండి మానేసింది. మాట మానేసింది. బతకాలని లేదని ఏడ్చేది. విజయవాడలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గర చాలాకాలం వైద్యం చేయించారు. తండ్రి డ్యూటీకి వెళ్లిన రోజుల్లో సలోమి పానకాలరావు ఇంట్లోనే ఉండేది. కోటేశ్వరమ్మ పెరుగన్నం ముద్దలు కలిపి చేతిలో పెట్టేది. పానకాలరావు దుకాణం మూసి, ఆమెను బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు. దారి పొడుగునా ఏవో పిచ్చి కబుర్లు చెప్పి నవ్వించాలని చూసేవాడు. ఒకనాడు ఆ పిల్ల నిజంగానే నవ్వింది. ఆ సంగతి విని దైవసహాయం స్నేహితుడి చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"ఈ విషయం మన గడపలు దాటకూడదురా. ఊళ్లో తెలిస్తే దాన్ని మనిషిలా చూడరు" అన్నాడు.

"నా నోట్లోంచి రాదురా" అన్నాడు పానకాలరావు.

నిజంగానే అతని నోట్లోంచి ఆ మాట ఎప్పుడూ రాలేదు.

మెల్లగా సలోమి కోలుకుంది. ఊళ్లోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లలకు టీచరుగా చేరింది. జీతం కొద్దిపాటిదే గాని ఆమె ముఖంలో కళ వచ్చింది. పిల్లలు "మిస్, మిస్" అంటూ ఆమె చున్నీ పట్టుకుని తిరిగేవారు. ఏ పిల్లాడు ఏమన్నాడో రాత్రి అన్నం తింటూ తండ్రికి చెప్పేది. ఆయన అదే కథ మర్నాడు పానకాలరావుకు చెప్పి మురిసిపోయేవాడు.

అలా ఉండగా ఒక పెద్ద కంపెనీ కొత్త యాప్ ఒకటి తెచ్చింది. బిల్లులు కట్టడం, సరుకులు తెప్పించుకోవడం, కబుర్లు చెప్పుకోవడం అన్నీ అందులోనే. పైసా ఖర్చు లేదు. కాకపోతే ఫోన్‌లో ఉన్న పేర్లు, ఫొటోలు, మెసేజ్‌లు అన్నీ చూసేందుకు అది అనుమతి అడిగేది. దానిమీద గ్రూపులో పెద్ద చర్చ లేచింది. హైమవతి అనే కాలేజీ లెక్చరరు ఇలా రాసింది: "ఊరికే ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడు. మన ఫోన్‌లో ఉన్నదంతా ముక్కూ మొహం తెలియని కంపెనీ చేతిలో పెట్టేముందు కాస్త ఆలోచించండి."

పానకాలరావు ఆ యాప్ అప్పటికే వేసుకున్నాడు. అందరినీ వేసుకోమని రాశాడు కూడా. అందుకని ఆమె మాట అతనికి ఈసడింపులా తోచింది. వెంటనే రాశాడు: "తప్పు చేసేవాడికి భయం గాని మనకెందుకు మేడమ్? నా బతుకు అద్దాల బీరువా. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

"బాత్‌రూముకు తలుపు పెట్టించుకునేది తప్పు చేయడానికా సార్?" అని అడిగింది హైమవతి.

గ్రూపంతా నవ్వింది. ఒకరి తర్వాత ఒకరు నవ్వు బొమ్మలు పెట్టారు. పానకాలరావు ముఖం ఎర్రబడింది. అప్పుడే గరుడకన్ను అనే దొంగపేరుతో తిరిగే ఒకడు మంట ఎగదోశాడు.

"రావుగారూ, మాటలెందుకు? మీ అద్దాల బీరువా ఒకసారి మాకూ చూపించండి."

పానకాలరావు ఊరుకోలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే భార్య ఫోన్ తీసుకుని, దాంతో తన ఫోన్‌ను వీడియో తీయడం మొదలుపెట్టాడు.

కోటేశ్వరమ్మ కంగారుపడింది. "అదేం పనండీ? ఫోన్ ఎవరైనా ఊరందరికీ తెరిచి చూపిస్తారా?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు.

ఒక వేలితో ఫోన్‌ను పైకి కిందికి జరుపుతూ వ్యాఖ్యానం చెప్పాడు. "ఇవిగో ఫొటోలు. వైరు కట్టలు, ఫ్యాన్లు, మా మనవడు. ఇవిగో మెసేజ్‌లు. ఎవడికి బాకీ, ఎవడికి సరుకు. చూశారా? ఇవే నా రహస్యాలు!" ఆ జోరులో దైవసహాయం పంపిన పాత మెసేజ్‌లు కూడా తెరుచుకుని, కనిపించీ కనిపించక జారిపోయాయి. అతను వాటిని గమనించనే లేదు. వీడియోను గ్రూపులో పెట్టేశాడు.

పొగడ్తలు వచ్చిపడ్డాయి. "మగాడంటే మీరే సార్" అన్నారు. హైమవతి బదులు రాయలేదు. చివరి మాట తనదే అయిందని పానకాలరావు ఆ పూట చాలా సంతోషంగా ఉన్నాడు.

కానీ వీడియోను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి చూడవచ్చు. గరుడకన్ను అదే చేశాడు. ఒక మెసేజ్ దగ్గర ఆపి, దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. అందులో ఇలా ఉంది: "సలోమికి డాక్టరు మందు మార్చారు. పొద్దున మళ్లీ బతకనని ఏడ్చింది. ఒంటరిగా వదలొద్దన్నారు. నువ్వు కాస్త ముందుగా రారా." దాని మీద గరుడకన్ను "ఎవరీ సలోమి? బీరువాలో సరుకు బాగానే ఉందే" అని రాసి, నవ్వు బొమ్మ పెట్టాడు.

"మా బాబు బడిలో సలోమి అని ఒక టీచరుంది. ఆమె కాదు కదా?" అని ఒకరు అడిగారు.

"పిచ్చి ఉన్నవాళ్లకు పసిపిల్లల్ని ఎలా అప్పగిస్తారండీ?" అన్నారు ఇంకొకరు.

"తల్లిదండ్రులకు తెలుసుకునే హక్కు లేదా?" అన్నారు మరొకరు.

"పాపం" అన్నవాళ్లు కూడా ఆ ఫొటోను మరో నలుగురికి పంపారు. గ్రూపును నడిపే కంపెనీకి ఆ పిల్ల ఎవరో తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. జనం ఎక్కడ ఎక్కువసేపు కొట్టుకుంటే ఆ పోస్టును ఇంకా ఎక్కువమంది ముందుకు తోయడం దాని పద్ధతి. తెల్లారేసరికి పక్క ఊళ్లవాళ్లు కూడా చదివేశారు.

మర్నాడు దుకాణం తెరిచాకే పానకాలరావు ఫోన్‌లో ఇదంతా చూశాడు. అప్పుడైనా ఆ వీడియో తీసేసి నోరు మూసుకుని ఉంటే కొంత బాగుండేది. కానీ ఎవడో సలోమిని పట్టుకుని "పిచ్చిది" అన్నాడు. అతను తట్టుకోలేకపోయాడు.

"నోరు అదుపులో పెట్టుకో. సలోమి మా దైవసహాయం కూతురు. నాకూ కూతురులాంటిదే. ఆమెకు పిచ్చి కాదు, తల్లి పోయిన దిగులు. నేనే దగ్గరుండి వైద్యం చేయించాను. ఇప్పుడు మందులు కూడా బాగా తగ్గించారు" అని రాశాడు.

"అంటే ఇంకా మందులు వాడుతోందన్నమాట!" అని వెంటనే జవాబు వచ్చింది.

పానకాలరావు దానికీ జవాబు రాశాడు. తర్వాత దానిమీద వచ్చిన మాటకూ రాశాడు. అన్నీ ప్రేమతోనే రాశాడు. అంతవరకు జనానికి అది ఒట్టి అనుమానం. భోజనం వేళకు అతనే దాన్ని నిజం చేశాడు.

ఆ సాయంత్రం బడి గేటు దగ్గర తల్లులు గుంపుగా నిలబడ్డారు. ఒకామె తన కొడుకును సలోమి చేతిలోంచి లాక్కున్నట్టు తీసుకుంది. ఆ పిల్లాడు వెనక్కి తిరిగి, "రేపు బొమ్మ వేయిస్తారా మిస్?" అని అడిగాడు. సలోమి నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

హెడ్మిస్ట్రెస్ ఆమెను లోపలికి పిలిచింది. "నాకు నీ మీద నమ్మకం ఉందమ్మా. కానీ పిల్లల్ని బడికి పంపం అంటున్నారు. కొన్నాళ్లు ఇంట్లో ఉండు" అంది.

ఎన్నాళ్లో ఆమె చెప్పలేదు. సలోమీ అడగలేదు.

పానకాలరావు తన రాతలన్నీ చెరిపేశాడు. కానీ వాటి నకళ్లు అప్పటికే ఎవరెవరి ఫోన్లలోనో ఉన్నాయి. గరుడకన్ను పెట్టిన ఫొటో తీయించమని కంపెనీకి ఫిర్యాదు రాశాడు. క్షణంలో జవాబు వచ్చింది: "మీ అభిప్రాయం మాకు విలువైనది. మీరు తెలిపిన పోస్టు మా నియమాలకు విరుద్ధంగా లేదు." ఎవరితోనైనా మాట్లాడదామంటే అవతల మనిషే లేడు. ఆ రోజు నుంచి అతను వేసుకున్న కొత్త యాప్‌లో నిద్రమాత్రల ప్రకటనలు, మానసిక వైద్యశాలల ప్రకటనలు వరసపెట్టి రాసాగాయి.

గుండె చిక్కబట్టుకుని స్నేహితుడి ఇంటికి వెళ్లాడు. దైవసహాయం ఖాకీ చొక్కా తొడుక్కుని, డ్యూటీకి వెళ్లకుండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్, నేను కావాలని చేయలేదురా" అన్నాడు పానకాలరావు.

"తెలుసు."

"దాన్ని తిట్టారని ఆగలేకపోయాను."

"అదీ తెలుసు. చదివాను" అన్నాడు దైవసహాయం. "నా బస్సు ఎక్కేవాళ్లూ చదివారు. నిన్న ఒకాయన టిక్కెట్టు తీసుకుంటూ 'మీ అమ్మాయికి ఎలా ఉంది?' అని అడిగాడు. ఆయనెవరో నాకు తెలీదు."

"నన్ను కొట్టరా. తిట్టరా. ఏదో ఒకటి అనరా."

"అంటే ఏమొస్తుంది? నేను నీతో చెప్పుకున్నది నీ సొమ్మనుకున్నావు. అది నాదిరా. నీ దగ్గర దాచుకున్నాను, అంతే."

లోపల గదిలో సలోమి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోటేశ్వరమ్మ తెచ్చిన అన్నం గిన్నె మూత తీయకుండానే ఉండిపోయింది. మళ్లీ విజయవాడ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఈసారి తండ్రీకూతుళ్లు ఇద్దరే వెళ్లారు. పానకాలరావును రమ్మనలేదు.

దైవసహాయం దూరంగా ఉన్న ఒక డిపోకు బదిలీ పెట్టుకున్నాడు. సామాను లారీకి ఎక్కించే రోజున పానకాలరావు వెళ్లి, పిలవకపోయినా మంచాలూ బిందెలూ మోశాడు. స్నేహితులిద్దరూ ఒకే బీరువాను చెరోవైపు పట్టుకున్నారు గాని మాట్లాడుకోలేదు. అంతా అయ్యాక సలోమి అతని దగ్గరికి వచ్చింది. బాగా చిక్కిపోయింది.

"బాబాయ్, అప్పట్లో మీరు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లకపోతే నేను ఉండేదాన్ని కాదు. అది నేను మర్చిపోను" అంది.

పానకాలరావు కళ్లు తుడుచుకున్నాడు. "ఏ ఊరమ్మా వెళ్తున్నారు? మీ నాన్న చెప్పట్లేదు. నేనూ మీ పిన్నీ అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతాం."

సలోమి తలవంచుకుంది.

"మీకు చెప్పలేను బాబాయ్."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే పానకాలరావు ఏదో ఒకటి చెప్పుకునేవాడు. లారీ మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడి ఉండిపోయాడు.

గ్రూపు సలోమిని వారంలోనే మర్చిపోయింది. రోడ్డు వెడల్పు చేసే విషయం మీద కొత్త గొడవ మొదలైంది. గరుడకన్ను ఎవరో ఎవరికీ తెలియలేదు. పానకాలరావు గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. ఎవరైనా దుకాణం ముందు వాదానికి దిగితే, "నీదే నిజం బాబూ" అని లోపలికి వెళ్లిపోయేవాడు. క్రిస్మస్‌కు దైవసహాయం పాత నంబరుకు చేసి చూశాడు. ఆ నంబరు వాడుకలో లేదని ఎవరిదో గొంతు చెప్పింది.

కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు ఫ్యాను కండెన్సరు కోసం ఒక ఆర్టీసీ డ్రైవరు దుకాణానికి వచ్చాడు. మాటల్లో తాను దైవసహాయంతో పనిచేశానని చెప్పాడు. పానకాలరావు ఆత్రంగా లేచి నిలబడ్డాడు.

"ఎలా ఉన్నాడు మావాడు?"

డ్రైవరు ఆశ్చర్యపోయాడు. "మీకు తెలీదా అండీ? పోయిన వేసవిలో గుండెపోటుతో చనిపోయాడు. అంత్యక్రియలకు మేమంతా వెళ్లాం. మీ పేరు చాలాసార్లు చెప్పేవాడు. చిన్ననాటి స్నేహితుడు అనేవాడు."

"మరి అమ్మాయి?" అని అడిగాడు పానకాలరావు.

"బాగానే ఉందండీ. అక్కడే ఏదో ఉద్యోగం చేసుకుంటోంది. ఆ ఊరు ఇక్కడికి మరీ దూరమేం కాదు, పేరు..."

"వద్దు బాబూ" అన్నాడు పానకాలరావు చెయ్యెత్తి. "ఆ పేరు నాకు చెప్పకు. నాకు తెలియడం ఆ అమ్మాయికి ఇష్టం లేదు."

డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. కండెన్సరు తీసుకుని వెళ్లిపోయాడు. పానకాలరావు పట్టపగలే దుకాణం షట్టరు దించి, లోపల ఒక్కడే కూర్చున్నాడు. స్నేహితుడి సమాధి మీద ఒక పువ్వు పెట్టే దారి కూడా తనకు లేదని అప్పుడు తెలిసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తనకు దాచుకునేదేమీ లేదని గర్వపడేవాడు, తనను నమ్మి ఇతరులు చెప్పుకున్నది తన దగ్గర ఉందని మరువరాదు. మన గుట్టు విప్పుకోవడం మన ఇష్టం, మరొకరి గుట్టు కాపాడటం మన ధర్మం.