ఇప్పుడే తిని వచ్చాను

ఎలీశమ్మ గారిని సూటిగా అడిగితే సూటిగా జవాబు రాదని ఆమె దగ్గర శిక్షణ పొందిన వాళ్ళందరికీ తెలుసు. పదమూడేళ్ళు ఆఫ్రికాలోని మలావీ దేశంలో మిషన్ నర్సుగా పనిచేసి, అరవై దాటాక ఏలూరు తిరిగి వచ్చి, పరదేశాలకు సేవకు వెళ్ళే అమ్మాయిలను ఆవిడ సిద్ధం చేస్తుండేవారు. ఏది అడిగినా తనకు జరిగిన ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. అర్థమైందా అని అడిగే అలవాటు ఆమెకు లేదు.

బ్యూలా అనే నర్సుకు మరుసటి వారం ప్రయాణం. పెట్టె సర్దుకుంది, టీకాలు వేయించుకుంది. ఒక్క భయం మాత్రం మిగిలిపోయింది. క్లాసు అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి అడిగింది.

"అమ్మగారూ, నా చేతనైనదంతా అక్కడివాళ్ళకి చేస్తాను. అయినా వాళ్ళు నన్ను దగ్గరికి రానివ్వకపోతేనో?"

ఎలీశమ్మ గారు ఆమెను కూర్చోమని, తను వెళ్ళిన మొదటి ఏడు జరిగింది చెప్పారు.

ఆ ఊరు ఒక సరస్సు ఒడ్డున ఉంది. తాతల కాలం నుంచీ చర్చికి వెళ్ళే జనమే. వాళ్ళకు లేనిది నర్సు. చేరిన తొలి వారంలో ఆవిడ ఏ గుమ్మం ముందు ఆగినా కూర్చోమన్నారు, తినమన్నారు. మన ఇళ్ళలో పెంపకం తెలిసిందే. పెట్టగానే తింటే ఆశపోతు అనుకుంటారు కాబట్టి, ముందు "వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాను" అనాలి. రెండోసారి అడిగితే నసగాలి. మూడోసారి బతిమాలితే కూర్చోవాలి. ఆవిడా అలాగే అన్నారు. అక్కడ రెండోసారి ఎవరూ అడగలేదు. సరేనని తలూపి, ఆమె ఎదుటే చేతులు కడుక్కుని తిన్నారు. ఆవిడ ఆకలితో గదికి వచ్చి, ఈ జనానికి మర్యాద తెలియదనుకుంటూ బ్రెడ్డు ముక్క నమిలారు. ప్రతి ఇంటా ఇదే వరస. నెల తిరిగేసరికి పిలవడం మానేశారు.

క్లినిక్కుకు మాత్రం వచ్చేవారు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు నీళ్ళలో కలిపి పట్టమని ఆవిడ ఇచ్చే పొడి పొట్లాలను రెండు చేతులా అందుకుని, మోకాళ్ళు వంచి కృతజ్ఞత చెప్పి వెళ్ళేవారు. ఎంత మంచి జనమో అని ఆవిడ సంతోషించేవారు.

వానలు మొదలయ్యాక ఎనెలెస్ అనే ముసలావిడ మనవడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఎనిమిది నెలలవాడు, పేరు లింబాని. పొట్లాలు తీసుకెళ్ళి రెండు రోజులైనా వాడిని మళ్ళీ చూపించకపోయేసరికి, ఎలీశమ్మ గారు మధ్యాహ్నం భోంచేసి తనే వాళ్ళింటికి వెళ్ళారు. పిల్లాడి కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్ళు లేవు. పొడి కలిపి పట్టావా అని వాడి తల్లిని అడిగితే ఆ పిల్ల నేలచూపులు చూసింది. పొట్లాలన్నీ చూరులో దోపి ఉన్నాయి. ఏ ఒక్కటీ విప్పలేదు. కిందటి నెల వాడి అక్కకు ఇచ్చినవీ అక్కడే ఉన్నాయి.

ఎలీశమ్మ గారికి కోపం వచ్చింది. వచ్చీరాని భాషలో గట్టిగానే అడిగారు. ఎనెలెస్ అవ్వ మాత్రం గొంతు పెంచలేదు. వద్దంటే నొచ్చుకుంటావని తీసుకున్నామంది. తిని వచ్చానని నువ్వు ఊరంతా తిరిగి చెప్పిన రోజు నీ గదిలోంచి పొగే రాలేదు, మాకు కళ్ళు లేవనుకున్నావా అంది. ఆ తర్వాత అన్న మాట ఇది:

"మా చేతిది నీ నోట పెట్టుకోవు. నీ చేతిది మా పసివాడి నోట ఎలా పెట్టమంటావు?"

ఆవిడకు వాదించడానికి వ్యవధి లేదు. చాప మీద చతికిలబడి, పెట్టు అవ్వా అన్నారు.

అవ్వ కోడలు, పిల్లాడి తల్లి, మోకాళ్ళ మీద కూర్చుని ఎలీశమ్మ గారి చేతుల మీద నీళ్ళు పోసింది. మొక్కజొన్న సంకటి, వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడాకు కూర. ఈసారి నిజంగానే తిని వచ్చిన మనిషి, పొట్టలో చోటు లేదు. అయినా మొదటి ముద్ద మింగారు. అవ్వ ఆ ముద్ద గొంతు దిగేదాకా చూసి, లేచి, చూరులోంచి ఒక పొట్లం లాగి కోడలికిచ్చింది. కాచి చల్లార్చిన నీళ్ళలో తను కలుపుతానని ఎలీశమ్మ గారు లేవబోతే, భుజం పట్టి కూర్చోబెట్టింది.

"నువ్వు తిను. ఎలా కలపాలో చెప్పు, చాలు."

ఆవిడ తింటూ చెప్పారు, కోడలు కలిపి చెంచాతో పట్టింది. ఒక చెంచా లోపలికి, అర చెంచా బయటికి. రెండో గిన్నె సగమయ్యేసరికి కక్కడం ఆగింది. పొద్దు వాలుతుండగా తల్లి చెయ్యి నొప్పి పుట్టి వాడిని ఎలీశమ్మ గారి ఒళ్ళో పడుకోబెట్టింది. కాసేపటికి ఆమె చీర వెచ్చగా తడిసింది. రెండు రోజుల తర్వాత వాడు ఒంటికి పోసుకోవడం అదే మొదటిసారి. ఎనెలెస్ అవ్వ పగలబడి నవ్వింది. ఇక ఈ చీర మాదే, మావాడు గుర్తు వేశాడు అని గుమ్మం దగ్గర చేరిన ఆడవాళ్ళకి చెప్పింది. వాళ్ళూ నవ్వారు. మర్నాడు క్లినిక్కుకు వచ్చిన ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఏదో ఒకటి ఉంది. ఉడికించిన చిలగడదుంప, గుప్పెడు వేరుశనగలు. ఆవిడ అందరివీ తిన్నారు.

ఇంతవరకూ విన్న బ్యూలా, పిల్లాడి ప్రాణం అలా ఊగిసలాడుతుంటే ఆ అన్నం ముందు కూర్చుని మీరు ఏమని ప్రార్థన చేశారు అమ్మగారూ అని అడిగింది.

"నన్నెక్కడ చెయ్యనిచ్చిందమ్మా? ఎనెలెస్ అవ్వే చేసింది," అన్నారు ఎలీశమ్మ గారు. "ముందు నా పేరు చెప్పింది. ఆ తర్వాతే మనవడి పేరు."