మాచమ్మ కూర్చున్న చోటు

కుంకుమగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. ఇప్పుడు వెతికితే దొరకదు. దాన్ని ఏకఛత్రవర్మ అనే రాజు ఏలేవాడు. చెడ్డవాడేం కాదు. కాని తను నడిచి వస్తుంటే జనం లేచి నిలబడాలి. అది ఆయనకు ఆకలి లాంటిది. రోజూ తీరాలి, మర్నాడు మళ్ళీ వేస్తుంది.

ఆ రాజ్యంలో గ్రంథాలకు నకళ్ళు రాసే లేఖకులు చాలామంది ఉండేవారు. తాటాకు మీద గంటంతో రాయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు మూలగ్రంథాన్ని పైకి చదవాలి, ఇంకొకరు విని రాయాలి. రాసేవాళ్ళు ఆకు మీద నుంచి చూపు తిప్పకూడదు. తిప్పితే గంటం జారి ఆకు చీలిపోతుంది.

ఏకఛత్రవర్మ తండ్రి కాలంలో ఊరి మీద విషజ్వరం పడింది. నలుగురు ఒకచోట చేరితే చాలు, అంటుకునేది. పెద్దరాజుగారు లేఖకుల్ని పిలిచి, ఆకుల కట్టలు ఇళ్ళకు పట్టుకుపొండి, అక్కడే రాసి పంపండి అన్నారు. జ్వరం పోయింది, పద్ధతి ఉండిపోయింది. అత్త చదివితే కోడలు రాసేది. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు రెండు పద్యాలు అయ్యేవి. కోట పక్కన ఇరుకు ఇళ్ళల్లో ఉండాల్సిన పని లేదని చాలామంది దూరపు పల్లెలకు తరలిపోయి అక్కడే గోడలు లేపుకున్నారు. పని మాత్రం ఎన్నడూ ఆగలేదు.

వాళ్ళలో మాచమ్మ ఒకతె. ఆమె భర్త వల్లభయ్య. జ్వరం ఆయన ప్రాణం వదిలిపెట్టింది గాని, నడుము కింద చచ్చుబడేలా చేసి పోయింది. మంచం దిగలేడు. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన చదువుతుంటే వీధిలో పోయే బండివాళ్ళు ఎడ్లను ఆపి వినేవారు. ఆయన చదివేవాడు, మాచమ్మ రాసేది. మధ్యలో లేచి నీళ్ళు పట్టేది, పక్కకు తిప్పేది, కింద గుడ్డ మార్చేది, చెయ్యి కడుక్కుని మళ్ళీ గంటం అందుకునేది.

"ఈ ఇంట్లో కాళ్ళు నీవి, గొంతు నాది" అనేవాడాయన. "ఇద్దరం కలిస్తే ఒక లేఖకుడు."

ఇలా ఉండగా కొత్తరాజు ఒక పెద్ద సభామందిరం కట్టించాడు. స్తంభానికో సింహం. ఈ మూల ఒక మాట అంటే ఆ మూల స్తంభం తిరిగి పలుకుతుందని కట్టినవాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. మందిరం పూర్తయ్యాక ఏకఛత్రవర్మ కిరీటం సర్దుకుని లోపలికి నడిచాడు. ఆయన్ని చూసి లేచినవి పావురాలు మాత్రమే.

రాజుగారి ముఖం మాడిపోవడం మంత్రి సోమయామాత్యుడు చూశాడు. లేఖకులు ఇళ్ళల్లో రాస్తున్నారో, గుర్రు పెడుతున్నారో ఎవరు చూశారు ప్రభూ, అన్నాడు. అంతే, మర్నాడే చాటింపు. లేఖకులంతా పొద్దుపొడిచేసరికి సభలో ఉండాలి, పొద్దుగూకేదాకా కదలకూడదు, చదివేవాళ్ళను కోట నుంచే ఇస్తాం, మనమంతా ఒకే కుటుంబం, ఎదురెదురుగా కూర్చుంటే మనసులు కలుస్తాయి.

కుటుంబం అనే మాట దగ్గర మాచమ్మ మంచం వైపు చూసింది. వల్లభయ్య నవ్వాడు. "పోయిరా. రాజుగారికి నీకంటే ఎక్కువ బెంగగా ఉన్నట్టుంది" అన్నాడు.

ఇక చీకటుండగానే లేవడం. ఆయనకు ముఖం కడిగి, గంజి పట్టి, చేతికందేచోట నీళ్ళచెంబు పెట్టి పరుగు. పొరుగింటి రావమ్మ మధ్యాహ్నం వచ్చి ఇంత అన్నం తినిపించి వెళ్ళేది. మంచి మనిషి. వల్లభయ్య మొదట్లో ఆ రోజుల్ని కూడా ఎగతాళి చేశాడు. గోడకి చదివి వినిపిస్తున్నాననీ, మాచమ్మకంటే గోడే నయమనీ, తప్పు చదివినా ఎత్తి చూపదనీ చెప్పేవాడు.

సభలో మాచమ్మ చోటు ఒక స్తంభం మొదట్లో. ఆమెకు చదివేవాడు ముక్కుతో చదివేవాడు. కుడిపక్క ఒకాయన పాకశాస్త్రం చదివేవాడు, ఎడమపక్క ఇంకొకాయన గుర్రాల వైద్యం. అందరివీ పెద్ద గొంతులే. అన్న మాట పోకుండా స్తంభాలు మళ్ళీ పలికేవి. సాయంత్రానికి ఆమె రాసిన భాగవతంలో వాము, మిరియాలు పడేవి. ఆకులు పారేసి మళ్ళీ రాయమనేవారు. అందరి గతీ అంతే. వెళ్ళి మొరపెట్టుకుంటే రాజుగారు గడ్డం ఎత్తి, మనసు పెట్టేవాడికి చప్పుడు అడ్డం రాదు అన్నాడు. ఆ మాట మంత్రికి ఎంత నచ్చిందంటే, గుమ్మం మీద చెక్కించాడు.

ఒక సాయంత్రం మాచమ్మ ఇంటికొచ్చి చూస్తే చెంబు నిండా నీళ్ళు అలాగే ఉన్నాయి. దప్పిక వేయలేదన్నాడు వల్లభయ్య. మర్నాడూ అలాగే ఉన్నాయి. ఆ మర్నాడూ. పెదవులు పగిలి నెత్తురు కారుతోంది.

"ఎందుకు తాగడం లేదు?" అంది.

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. "తాగితే ఊరుకుంటుందా మాచీ. గుడ్డ మార్చమని రావమ్మని ఎలా అడగను? నువ్వొచ్చాక తాగుతాలే."

మాచమ్మ మంత్రి దగ్గరకు పోయి ఏడ్చింది. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి అన్నాడాయన. అది నిజమే కాబట్టి మాచమ్మ వెనక్కి తిరిగింది.

అప్పుడు ఎవరో కొండుభట్టు పేరు చెప్పారు. కొండుభట్టు ఆస్థానంలో చమత్కారి. రాజుకు కోపం వస్తే నవ్వించేవాడు, నవ్వించి పని చేయించుకునేవాడు. మాచమ్మ ఆయన వాకిట్లో నిలబడి ఉన్నదంతా చెప్పింది. నీళ్ళచెంబు సంగతి కూడా చెప్పింది. పరాయి మగవాడితో చెప్పే మాట కాదు, అయినా చెప్పింది.

"ఏడుస్తూ వెళితే రాజు ఓదారుస్తాడు తల్లీ" అన్నాడు భట్టు. "శాలువా కప్పుతాడు. చాటింపు మాత్రం అలాగే ఉంటుంది. ఆయన తనమీద తనే నవ్వుకున్నప్పుడు తప్ప మారడు. సభకు ఏడాది పండుగ చేస్తున్నారు, పొరుగు రాజ్యం దూతలు వస్తున్నారు. ఆ రోజు చూడు నా తమాషా. అందాకా ఓపిక పట్టు."

"నేను పడతానయ్యా. ఆయన ఒళ్ళే ఓపిక పట్టేటట్టు లేదు."

భట్టు తల ఊపాడు. అప్పటికే ఆయన లోలోపల నవ్వుకుంటున్నాడు. ఉపాయం తట్టినవాడికి ఎదుటి మనిషి ముఖం సరిగ్గా కనిపించదు.

పండుగ రోజు రానే వచ్చింది. ఆ తెల్లవారుజామున వల్లభయ్య పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. మాచమ్మ గుడ్డ తడిపి ఆ పెదవులకు అద్దింది. ఈ ఒక్కరోజు ఉండిపోతానని మంత్రికి కబురు పెడితే, ఇవాళ ఏ చోటు ఖాళీగా కనిపించినా ఊరుకునేది లేదని జవాబు వచ్చింది. రాకపోతే పని పోతుంది, పని పోతే ఇద్దరికీ తిండి పోతుంది. వెళ్ళింది.

సభ కిటకిటలాడుతోంది. ఏకఛత్రవర్మ వస్తుంటే అందరూ ఒక్కసారి లేచారు. ఆయన ముఖం వెలిగిపోయింది. కొండుభట్టు ముందుకొచ్చి నమస్కరించాడు.

"ప్రభూ, దూతలకు స్తంభాలు చూపిస్తే ఏముంది? వాళ్ళ ఊళ్ళోనూ రాళ్ళుంటాయి. పని జరుగుతుంటే చూపించాలి. తమ వంశావళి తమ నోటితోనే చెప్పండి. మన లేఖకులు రాసుకుంటారు. దూతలు ఒక ప్రతి పట్టుకుపోతారు."

రాజుకు ప్రాణం లేచి వచ్చింది. వంశావళి ఆయనకు కంఠోపాఠం. ప్రతి దర్బారులోనూ చెప్పేవాడు, ఎన్నడూ తడబడలేదు.

"మరి తమకోసం మిగతావాళ్ళు చదువు ఆపాల్సిన పని లేదుగా?" అన్నాడు భట్టు, గుమ్మం మీద చెక్కిన మాట వైపు చూస్తూ.

"ఎందుకు ఆపడం? సాగనీ" అన్నాడు రాజు.

భట్టు ఆయన్ని తీసుకెళ్ళి స్తంభం మొదట్లో, మాచమ్మ చోట్లో కూర్చోబెట్టాడు. మాచమ్మ లేచి పక్కన నిలబడింది. కుడిపక్క పాకశాస్త్రం మొదలైంది. ఎడమపక్క గుర్రాల వైద్యం మొదలైంది. చుట్టూ వందల గొంతులు, వాటి వెనక స్తంభాల గొంతులు. రాజు గొంతు సవరించుకున్నాడు.

"మా మూలపురుషుడు ఆదిత్యవర్మ. ఆయన కుమారుడు విక్రమవర్మ శత్రువుల్ని కొండల దాకా తరిమి, పట్టుకుని, కడిగి, గింజలు తీసేసి..."

ఆగాడు. దూతలు తలలు వంచుకున్నారు. గంటాలు కరకరలాడుతూనే ఉన్నాయి. రాజు చెమట తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు.

"విక్రమవర్మ కుమారుడు ధరణీవర్మ. ఆయన ప్రజల్ని కన్నబిడ్డల్లా చూసుకుని, నాలుక బయటికి లాగి, నురగ కనిపిస్తే ఆ పూటకు మేత ఆపేసి..."

"సెలవియ్యండి ప్రభూ" అన్నాడు భట్టు. "మనసు పెట్టేవారికి చప్పుడు అడ్డం రాదు."

రాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒక్కొక్క మాటా పట్టి పట్టి పలికాడు. "ధరణీవర్మ కుమారుడు, నా తండ్రి, లోకపూజ్యుడు. జ్వరం వచ్చిన కాలంలో ప్రజలందరినీ ఇళ్ళల్లో ఉంచి కాపాడిన ఆ మహానుభావుణ్ణి నేతిలో దోరగా వేయించి..."

సభలో చదువులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. స్తంభాలు మాత్రం, దోరగా వేయించి, దోరగా వేయించి, అని నెమ్మదిగా పలికి ఊరుకున్నాయి.

రాజు ముఖం ఎర్రబడింది, నల్లబడింది. తర్వాత ఆయన బొజ్జ కదిలింది. కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. దూతలు నవ్వారు, మంత్రి నవ్వాడు, లేఖకులు గంటాలు కింద పెట్టి నవ్వారు.

"ఏం చేశావురా నన్ను!"

"నేనేం చేయలేదు ప్రభూ. ఈమె రోజూ కూర్చునే చోట్లో తమని కాసేపు కూర్చోబెట్టాను."

రాజు మెడలోని ముత్యాలహారం తీసి భట్టు మెడలో వేసి, ఇంకేం కావాలో అడగమన్నాడు. వీళ్ళను ఇళ్ళకు పంపించమన్నాడు భట్టు. రాజు ఒక్కక్షణం నిండుసభను దిగులుగా చూసుకున్నాడు. చివరికి, పొండి, ఇవాళే పొండి, అన్నాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. రాజు నవ్వాడు, బహుమానం ఇచ్చాడు, ఇంకేం కావాలి అంటారు. నాకు ఆపబుద్ధి కావడం లేదు.

లేఖకులంతా ఆకుల కట్టలు నెత్తిన పెట్టుకుని పాటలు పాడుకుంటూ పోయారు. అందరికంటే ముందు మాచమ్మ. పరుగెడుతూనే, చిన్నప్పుడు విన్న దేవుళ్ళందరి పేర్లూ తలుచుకుంది. వాకిట్లో రావమ్మ కూర్చుని ఉంది. ఆమె లేవలేదు.

"ఎండ గడప దాటే వేళకి" అంది రావమ్మ. అక్కడ సభలో రాజుగారు వంశావళి చెబుతున్న వేళ అది. చెంబు నిండా నీళ్ళు అలాగే ఉన్నాయి.

కొన్నాళ్ళు పోయాక ఏకఛత్రవర్మ కొండుభట్టును వెంటబెట్టుకుని ఖాళీ మందిరం చూడ్డానికి వచ్చాడు. పావురాలు లేచాయి. దూరంగా స్తంభం మొదట్లో ఒక మనిషి కూడా లేచింది.

రాజుకు పట్టరాని సంతోషం. "చూశావా భట్టూ? నా సభ నచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారు. ఏమమ్మా, ఇంటికి పొమ్మన్నా పోలేదే?"

"ఇంట్లో చదివేవాళ్ళు లేరు ప్రభూ" అంది మాచమ్మ. "ఇక్కడైతే నేను ఒక ముక్క చదివితే, ఆ మూల నుంచి మళ్ళీ వినిపిస్తుంది. అప్పుడు రాసుకుంటున్నాను."

భట్టు ఆమె ముఖం చూశాడు. ఈసారి సరిగ్గా చూశాడు. ముత్యాలహారం తీసి ఉత్తరీయం కింద దాచుకున్నాడు. వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని మూలగ్రంథం ఆకు చేతిలోకి తీసుకున్నాడు.

"నేను చదువుతాను తల్లీ."

ఆమె మెల్లగా ఆ ఆకు ఆయన చేతిలోంచి తీసేసుకుంది.

"వద్దు భట్టుగారూ. మీ గొంతు నాకు అలవాటు లేదు."

ఒక ముక్క చదివింది. ఆ మూల నుంచి తిరిగి వచ్చేదాకా తల వంచుకుని ఆగింది. వచ్చాక రాసుకుంది.

కట్టించిన సభ ఇన్నాళ్ళకు ఒకరికి ఉపయోగపడిందని రాజుగారు మురిసిపోయాడు. కడుపారా నవ్వుకుంటూ బయటికి నడిచాడు. ఆయన వెళ్ళిపోయాక కూడా స్తంభాలు కాసేపు నవ్వాయి. అవి ఊరుకునేదాకా మాచమ్మ గంటం పట్టుకుని కూర్చుంది.